పాటకు ముందు తీసేసిన ముక్క

ఏప్రిల్ నెలాఖరులో ఒక మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకి, రత్నమ్మ గారి వంటగదిలో టీ పొంగింది. టైము గుర్తుండటానికి కారణం ఉంది. నాలుగింటికి నాకు ఇంటినుంచే ఆఫీసు మీటింగు. ఇంటికి చేరగలనా లేదా అని స్టవ్ మీది గడియారం చూస్తున్నాను. ఆ చూడటంలో గిన్నె సంగతి మర్చిపోయాను.

ఆ తర్వాత జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. రాసేముందు నా గురించి కొంచెం చెప్పాలి.

మా ఇంట్లో దయ్యాల కథలు చెప్పనిచ్చేవారు కాదు. మా నాన్న బడిపంతులు, చర్చిలో సంఘపెద్ద కూడా. చనిపోయినవాళ్ళు నిద్రలో ఉన్నారు, లేపేవాడు వేరే ఉన్నాడు, మధ్యలో తిరుగుళ్ళేమీ లేవు అనేవాడు. నేనూ అంతే నమ్మాను. చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. అమెరికాలో నోవై అనే ఊళ్ళో ఉద్యోగం. కార్లలో వచ్చే చప్పుళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనిపెట్టడం నా పని. ఇరవై రెండేళ్ళుగా అదే చేస్తున్నాను. వెతికితే ప్రతి చప్పుడు వెనకా ఒక వదులు స్క్రూయో, ఒరుసుకుంటున్న ప్లాస్టిక్కో దొరుకుతుంది. దొరకని చప్పుడు ఆ మంగళవారం దాకా నాకు తగల్లేదు.

మా తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. ఒక అమెరికన్ చర్చి వాళ్ళు తమ ఆరాధన అయిపోయాక, ఆదివారం మధ్యాహ్నం హాలు మాకిస్తారు. నలభై కుటుంబాల దాకా ఉంటాం. ఎక్కువమంది గోదావరి, కృష్ణా వైపు వాళ్ళం. పాటల పుస్తకం మేమే ప్రింట్ చేయించుకున్నాం, స్పైరల్ బైండింగ్‌తో. కొత్త పాట నేర్చుకున్నప్పుడల్లా వెనక ఒక పేజీ కలుపుతాం.

హాల్లో సౌండు, లైవ్ నా బాధ్యత. ఆరేళ్ళుగా చేస్తున్నాను. ఆరాధన మా చానెల్‌లో లైవ్ వెళ్తుంది, తర్వాత వీడియో అక్కడే ఉండిపోతుంది. కానీ అందరూ ఆన్‌లైన్‌లో చూడలేరు. ఇండియా నుంచి ఆరు నెలల కోసం వచ్చే పెద్దవాళ్ళ ఫోన్లలో ఇక్కడి నెట్ ఉండదు. రోజూ ఉద్యోగానికి ట్రాయ్ దాకా డ్రైవ్ చేసేవాళ్ళు కార్‌లో పెన్ డ్రైవ్ పెట్టుకుని వింటారు. వీళ్ళ కోసం ఆదివారం సాయంత్రం నేను ఆ వీడియోని లాప్‌టాప్‌లోకి డౌన్‌లోడ్ చేసి, ఆడియో విడదీసి, ఒక్కో పాటనీ ఒక్కో ఫైలుగా కోసి, పుస్తకంలోని నంబరే పేరుగా పెట్టి సేవ్ చేసేవాణ్ణి. తర్వాతి ఆదివారం ఎవరి కార్డులో, ఎవరి పెన్ డ్రైవ్‌లో కావాలంటే వాళ్ళకి ఎక్కించి ఇచ్చేవాణ్ణి.

కోయడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. స్క్రీన్ మీద శబ్దం బొమ్మలా కనిపిస్తుంది. పాట ఉన్నచోట లావుగా ఉంటుంది, లేనిచోట సన్నటి గీతలా ఉంటుంది. ఆ గీత భాగం తీసేసేవాణ్ణి. దగ్గులు, కుర్చీలు జరపడం, పేజీలు తిప్పడం, పాట నంబరు చెప్పడం అన్నీ అందులోనే పోతాయి. ఫైలు కీబోర్డు మొదటి స్వరం దగ్గర మొదలై ఆఖరి స్వరం దగ్గర ఆగేది. పనితనం అంటే అదే అనుకునేవాణ్ణి.

పాటలు నడిపించేది నా భార్య కరుణ.

ఆమెకి ఒక అలవాటు ఉండేది. పాట నంబరు రెండుసార్లు చెప్పేది. తర్వాత మూడో వరసలో కూర్చునే రత్నమ్మ గారి వైపు చూసి, "దొరికిందా అమ్మా?" అనేది. ఆవిడ "దొరికిందమ్మా" అనేదాకా కీబోర్డుకి సైగ చేసేది కాదు. రత్నమ్మ గారిది పాలకొల్లు దగ్గర. కొడుకు సునీల్ ఇంటికి ఏటా ఆరు నెలలు వచ్చి ఉంటారు. ఆవిడకి చూపు చాలావరకు పోయింది, అక్షరాలు కనిపించవు. పాటలన్నీ నోటికి వచ్చు. అయినా పుస్తకంలో ఆ పేజీ తెరిచి ఒళ్ళో పెట్టుకుంటే తప్ప పాడేవారు కాదు. పక్కనున్నవాళ్ళు పేజీ వెతికి పెట్టేవాళ్ళు. అందరూ ఆగేవాళ్ళు. ఆ తర్వాత కరుణ లోగొంతుతో శ్రుతి పట్టి, అప్పుడు ఎత్తుకునేది.

ఇదంతా కలిపి అర నిమిషం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. లాప్‌టాప్‌లో అది గీత.

ఒకసారి నేను కోస్తుంటే వెనక నిలబడి చూసింది.

"ఏవండీ, ఇన్నేళ్ళకి నా మాట ఆపడానికి మీకో బటన్ దొరికిందన్నమాట."

"ఫైలు చిన్నదవుతుంది," అన్నాను.

"ఎంత చిన్నదవుతుందేంటి?"

"అర ఎంబీ."

"అర ఎంబీయేనా నేను? ఇంకా ఎక్కువనుకున్నాను," అని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

పూర్తి వీడియోలు నేను ఉంచుకునేవాణ్ణి కాదు. పాటలు కోయగానే డిలీట్ చేసేవాణ్ణి. చానెల్‌లో ఉన్నాయి కదా, లాప్‌టాప్‌లో చోటు దండగ అనుకునేవాణ్ణి.

పోయిన అక్టోబరులో ఒక గురువారం పొద్దున కరుణ ఆఫీసుకి తయారవుతూ తలనొప్పిగా ఉందంది. ఆదివారానికి లేదు. దాని గురించి ఇక్కడ ఇంకేమీ రాయను.

డిసెంబరులో సంఘం చానెల్ మారింది. పాత చానెల్ మా మాజీ సెక్రటరీ గారి సొంత అకౌంటు మీద ఉండేది. ఆయన వేరే రాష్ట్రానికి వెళ్ళిపోతూ, కొత్తది తెరుచుకోండి, నాది మూసేస్తాను అన్నారు. అందరినీ అడిగే మూశారు. ఆ మీటింగులో నేనూ ఉన్నాను. తలూపాను కూడా. ఆ రోజుల్లో ఎవరేం అడిగినా తలూపుతున్నాను.

ఫిబ్రవరిలో మా అమ్మాయి లిడియా ఫోన్ చేసింది. యాన్ ఆర్బర్‌లో చదువుతోంది, కంప్యూటర్ సైన్స్, మూడో సంవత్సరం.

"నాన్నా, అమ్మ మాట్లాడే క్లిప్ ఏమైనా ఉందా? పాడేది కాదు. జస్ట్ టాకింగ్."

"ఎందుకమ్మా?"

"నాకు అమ్మ వాయిస్ గుర్తు రావట్లేదు నాన్నా. ఫేస్ ఓకే. వాయిస్ పోతోంది."

వారం రోజులు వెతికాను. ఇంట్లో తీసిన వీడియోలన్నిటిలో ఫోన్ పట్టుకున్నది కరుణే. తన గొంతు పడితే వీడియో పాడవుతుందని తీసేటప్పుడు మాట్లాడేది కాదు. వాయిస్ మెయిల్ పెట్టే అలవాటు లేదు, ఎత్తకపోతే మళ్ళీ చేసేది. మెసేజ్‌లన్నీ టైపు చేసినవే. మిగిలినవి ఆరేళ్ళ పాటలు. వాటిలో నలభై గొంతుల మధ్య ఆమె గొంతు ఉంది. మాట లేదు. మాట ఉన్న ప్రతిచోటా నేనే కోశాను.

లేదని లిడియాకి చెప్పాను. ఎందుకు లేదో చెప్పలేదు.

ఇప్పుడు ఆ మంగళవారానికి వస్తాను.

రత్నమ్మ గారి దగ్గర అరచేతిలో పట్టేంత ఎర్ర స్పీకరు ఒకటుంది. అందులో మెమరీ కార్డు. మూడేళ్ళ క్రితం నేనే మొదటిసారి పాటలు ఎక్కించి ఇచ్చాను. అప్పటినుంచి ఇక్కడున్నన్ని నెలలూ కార్డు చేతిరుమాలులో కట్టి ఆదివారం తెచ్చేవారు. కొత్త పాటలు కలిపి ఇచ్చేవాణ్ణి. ఇప్పటికి అరవై ఒక్క పాటలు. అన్నీ కోసినవే. కోయనివి నా దగ్గర ఎప్పుడూ లేవు.

స్పీకరు చార్జి అవడం లేదని సునీల్ ఫోన్ చేస్తే వెళ్ళాను. ఇంట్లో ఆవిడ ఒక్కరే ఉన్నారు. చార్జింగ్ పెట్టేచోట దుమ్ము పేరుకుంది, పుల్లతో తీశాను. ఆవిడకి టీ కావాలంటే నేనే పెట్టాను. అది పొంగింది. స్టవ్ తుడుస్తుండగా ఆవిడ స్పీకరు ఆన్ చేసుకుని, పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నారు.

"యాభై మూడు," అంది కరుణ. "యాభై మూడో పాట. దొరికిందా అమ్మా?"

నేను తిరగలేదు. తడిగుడ్డ చేతిలో ఉంది. పేజీలు తిప్పుతున్న చప్పుడు. అది స్పీకరులోంచో, వంటగదిలోంచో తెలియలేదు. తర్వాత రత్నమ్మ గారు మామూలుగా, రోజూ ఇచ్చే జవాబులా అన్నారు.

"దొరికిందమ్మా."

లోగొంతుతో శ్రుతి. తర్వాత కీబోర్డు. పాట మొదలైంది. ఆవిడ కూడా పాడారు.

పాట అయ్యేదాకా అలాగే నిలబడ్డాను. అయ్యాక అడిగాను.

"అమ్మా, పాట ముందు ఆ మాటలు ఎప్పుడూ వస్తాయా?"

"ఏ మాటలు బాబూ?"

"కరుణ అడగడం."

"మరి? ఆ పిల్ల అడక్కుండా ఎప్పుడైనా మొదలెట్టిందా?" అన్నారు. మళ్ళీ తనే, "నువ్వే కదా వేసిచ్చావు. మాటలు కూడా ఉంచాడు, మంచి పని చేశాడని నీ కోసం ప్రార్థన చేసుకుంటాను," అన్నారు.

తర్వాతి పాట వచ్చింది. నంబరు రెండుసార్లు. దొరికిందా అమ్మా. ఆవిడ జవాబు. ఆ రోజు ఆరు పాటలు విన్నాను. ఆరింటికీ ఉంది. ఒకదాంట్లో కరుణ నంబరు చెబుతూ చిన్నగా దగ్గింది. మీటింగు సంగతి గుర్తొచ్చేసరికి అయిదయింది.

ఇంటికి వచ్చి లాప్‌టాప్ తెరిచాను. యాభై మూడో పాట ఫైలు నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. కీబోర్డుతో మొదలవుతోంది. ముందు ఏమీ లేదు.

నాకు తోచిన కారణాలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. ఒకటి, ఎప్పుడో పొరపాటున కోయని ఫైళ్ళు ఆవిడకి ఇచ్చి ఉంటాను. రెండు, మనసు బాగాలేక లేనిది విన్నాను. రెండోది నిజమే కావచ్చు. ఆరు నెలలుగా సరిగా నిద్ర లేదు. కానీ ఆవిడ జవాబు చెప్పారు కదా. ఆవిడ ఎవరికి జవాబు చెప్పినట్టు?

మర్నాడు మధ్యాహ్నం, చార్జింగు సరిగా అవుతోందో లేదో చూస్తానని మళ్ళీ వెళ్ళాను. యాభై మూడో పాట పెట్టమన్నాను. చేతి గడియారంతో లెక్కపెట్టాను. కరుణ మాటలతో కలిపి నాలుగు నిమిషాల యాభై ఒక్క సెకను. మొత్తం ఫోన్‌లో రికార్డు కూడా చేశాను.

కార్‌లో కూర్చుని ఆ రికార్డింగు విన్నాను. మొదట ఫ్రిజ్ చప్పుడు. చాలాసేపు ఫ్రిజ్ చప్పుడే. తర్వాత రత్నమ్మ గారి గొంతు, "దొరికిందమ్మా." మళ్ళీ ఫ్రిజ్. ఆ తర్వాత పాట. కరుణ లేదు.

ఆఫీసులో ఉన్న మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, శబ్దం ఎంత పెంచాలో అంతా పెంచి విన్నాను. నా ఉద్యోగమే అది. ఫ్రిజ్ కంప్రెసరు ఆగిన క్షణం స్పష్టంగా తెలిసింది. గోడ గడియారం తెలిసింది. ఆవిడ చెయ్యి కాగితం మీద జరిగిన చప్పుడు తెలిసింది. ఇంకేమీ లేదు. అయితే ముప్పై తొమ్మిది సెకన్ల ఖాళీ మాత్రం ఉంది. పాట ఆలస్యంగా మొదలైందన్నది నిజం. నాకు అర్థం కాలేదు. మాట లేకపోతే ఖాళీ కూడా ఉండకూడదు.

శనివారం లిడియా ఇంటికి వచ్చింది. ఏమీ చెప్పకుండా తీసుకెళ్ళాను. ముందే చెబితే ఆ మాట చెవిలో పడి, లేనిది వింటుందేమోనని. రత్నమ్మ గారు ఇంకో పదకొండు రోజుల్లో ఇండియా వెళ్ళిపోతున్నారు, ఒకసారి పలకరించి వద్దాం అన్నాను.

"ఎవరూ, కరుణ కూతురా? దా తల్లీ. నీ గొంతు మీ అమ్మ గొంతులా లేదేంటి?"

"నాది అమెరికన్ గొంతు అమ్మమ్మా," అంది లిడియా. ఆవిడ నవ్వారు.

కాసేపటికి నేనే అడిగాను, ఒక పాట పెట్టమని. ఆవిడ పుస్తకం తీసుకున్నారు. స్పీకరు నొక్కారు.

నేను స్పీకరు వైపు చూడలేదు. లిడియా మొహం చూస్తున్నాను. నంబరు మొదటిసారి వినపడగానే చేతిలో ఉన్న జంతికని మెల్లగా పళ్ళెంలో పెట్టేసింది. రెండోసారికి కళ్ళు మూసుకుంది. రత్నమ్మ గారు "దొరికిందమ్మా" అన్నప్పుడు ఉలిక్కిపడింది. పాట మొదలయ్యాక నా వైపు చూసి, "నాన్నా, లేదన్నావు," అంది.

మళ్ళీ పెట్టించుకుంది. మళ్ళీ. మూడోసారి ఏడుస్తూ నవ్వింది. "అమ్మ 'దొరికిందా' అనేటప్పుడు ఎండ్‌లో కొంచెం పైకి వెళ్తుంది. ఐ ఫర్గాట్ దట్," అంది.

అప్పుడు అక్కడే చెప్పాను. ఆరేళ్ళు ఏం కోశానో, ఎందుకు లేదన్నానో, లాప్‌టాప్‌లో ఏముందో, ఫోన్‌లో ఏం రికార్డయిందో. రత్నమ్మ గారు వింటున్నారు.

లిడియా చదువుతున్నది కంప్యూటర్లే కదా. ఆవిడని అడిగి కార్డు తీసి తన లాప్‌టాప్‌లో పెట్టింది. ఫైలు నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. కీబోర్డుతో మొదలైంది. కార్డు తీసి మళ్ళీ స్పీకరులో పెట్టింది. యాభై మూడు, యాభై మూడో పాట, దొరికిందా అమ్మా. రెండుసార్లు అలా మార్చి మార్చి చూసింది. రెండుసార్లూ అంతే.

"స్పీకర్‌లో ఏదైనా మెమరీ ఉండొచ్చు నాన్నా. పాతవి సేవ్ అయి ఉండొచ్చు."

అంత చవక స్పీకరులో అలాంటిదేమీ ఉండదని ఇద్దరికీ తెలుసు. అయినా తలూపాను.

తర్వాత జరిగింది నేను ఎవరికీ సరిగా చెప్పలేకపోతున్నాను. స్పీకరు తనంతట తాను తర్వాతి పాటలు పాడుతోంది. మేము మాట్లాడుకుంటున్నాం. రత్నమ్మ గారు మధ్యమధ్యలో జవాబు చెబుతున్నారు. ఉన్నట్టుండి లిడియా చెయ్యెత్తింది.

"ఆగు. ఏ నంబర్ అంది ఇప్పుడు?"

నేను వినలేదు. మళ్ళీ పెట్టింది.

"నూట ఎనభై ఏడు," అంది కరుణ. "నూట ఎనభై ఏడో పాట. దొరికిందా అమ్మా?"

లిడియా తన బ్యాగులోంచి కరుణ పాటల పుస్తకం తీసింది. అక్టోబరునుంచి అది తన దగ్గరే ఉంటోంది. చివరి పేజీ తీసి నాకు చూపించింది. నూట ఎనభై నాలుగు.

నూట ఎనభై అయిదు, ఆరు, ఏడు మేము డిసెంబరులో కలిపాం. ఆ పేజీలు ప్రింట్ తీసింది నేనే. నూట ఎనభై ఏడు మొదటిసారి పాడింది జనవరిలో, నడిపించింది సంఘంలోని వేరే సిస్టర్. ఆమె నంబరు ఒక్కసారే చెబుతుంది. ఆ ముక్క కూడా నేనే కోసి, పాట ఈ కార్డులో ఎక్కించాను.

అంటే పొరపాటున కోయని ఫైలు ఇచ్చానన్న కారణం పోయింది. స్పీకరులో పాతది సేవ్ అయిందన్న కారణం కూడా పోయింది. కరుణ ఆ నంబరు ఎప్పుడూ పలకలేదు. పలకడానికి ఆ పాట లేదు.

ఎవరికీ భయం వేయలేదు. అదే నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది. మధ్యాహ్నం రెండున్నర. కిటికీలోంచి పక్కింటాయన గడ్డి కోస్తున్న మిషను వినపడుతోంది. రత్నమ్మ గారు జంతికల పళ్ళెం లిడియా వైపు జరిపి, "తినమ్మా, ఏంటి ఆపేశావు," అన్నారు.

కార్‌లో ఇంటికి బయల్దేరాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు లిడియా అంది.

"నాన్నా, దీన్ని సేవ్ చేయొద్దు. ప్లీజ్."

"ఆవిడ వెళ్ళిపోతారు కదమ్మా. స్పీకరు కూడా తీసుకెళ్తారు."

"తెలుసు. నెక్స్ట్ సాటర్డే వస్తాను. ఆ మర్నాడు ఆదివారం కూడా ఉంటాను. ఆ టూ టైమ్స్ విందాం. చాలు. దాన్ని ఏమీ చేయకు."

సరే అన్నాను.

సోమవారం మధ్యాహ్నం మళ్ళీ రత్నమ్మ గారింటికి వెళ్ళాను. కార్డు ఒక్కరోజు ఇవ్వమని అడిగాను. లిడియాకి ఇచ్చిన మాట గుర్తుంది. కానీ పదకొండు రోజులు తొమ్మిదయ్యాయి. ఆ తర్వాత ఆ గొంతు పాలకొల్లు వెళ్ళిపోతుంది. నా కూతురికి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ ఉండదు. ఒకసారి చేతులారా తీసేశాను, రెండోసారి ఊరికే చూస్తూ కూర్చోకూడదు అనుకున్నాను. ఏదీ చెరపను, రాయను, కార్డులో ఉన్నది ఉన్నట్టు కాపీ తీస్తాను, అంతే. అలా నాకు నేను చెప్పుకున్నాను.

ఆవిడ కార్డు తీసి, చేతిరుమాలులో కట్టి ఇచ్చారు.

కాపీ తీయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. రెండు చోట్ల ఉంచాను. అసలు కార్డులో ఒక్క అక్షరం మార్చలేదు. ఫైళ్ళ తేదీలు పోల్చి చూశాను, అన్నీ పాతవే.

మంగళవారం పొద్దున వెళ్ళి కార్డు నా చేత్తోనే స్పీకరులో పెట్టాను. ఆవిడ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నొక్కారు.

కీబోర్డు మోగింది. పాట మొదలైపోయింది.

ఆవిడ వేళ్ళు ఇంకా పేజీల మీదే ఉన్నాయి. కాసేపు అలాగే ఉంచి, పుస్తకం మూసేశారు.

"పేజీ తీసేలోపే మొదలెట్టేశారేంటి బాబూ," అన్నారు.

తర్వాతి పాట పెట్టాను. దాని తర్వాతిది. నూట ఎనభై ఏడు. అరవై ఒక్క పాటలూ ఒక్కొక్కటే మొదలు విన్నాను. కాపీలు కూడా అదే స్పీకరులో పెట్టి విన్నాను. అన్నీ కీబోర్డుతోనే మొదలయ్యాయి. నేను కోసినట్టే ఉన్నాయి.

క్షమించమ్మా అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నువ్వేం చేశావు నాయనా," అన్నారు. నేనేం చేశానో నాకు ఇప్పటికీ తెలియదు. శనివారం లిడియా అదే కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టి మళ్ళీ పెట్టినప్పుడు ఏమీ కాలేదు. నేను చేసింది దానికంటే ఒక్క పనే ఎక్కువ, కాపీ తీయడం. దానికీ దీనికీ సంబంధం ఉందని చెప్పలేను. లేదనీ చెప్పలేను.

లిడియాకి ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాను. శనివారం దాకా దాచడం న్యాయం కాదనిపించింది.



"యు కుడెంట్ జస్ట్ లీవ్ ఇట్," అంది. కోపంగా అనలేదు. తర్వాత తెలుగులో, "అన్నిసార్లు విన్నాను కదా నాన్నా. గుర్తుంది," అంది. మా ఇద్దరిలో ఎవరిని ఊరుకోబెట్టడానికి అందో తెలియదు.

శనివారం మాత్రం వచ్చింది. ఇద్దరం వెళ్ళి ఒకసారి స్పీకరు పెట్టి చూశాం. ఏమీ లేదు. నా ఫోన్‌లో ఉన్న రికార్డింగు తనకి పంపమంది, ఫ్రిజ్ చప్పుడు మధ్యలో ఆవిడ జవాబు చెప్పేది. పంపాను.

పాస్టర్ గారికి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. "బ్రదర్, దుఃఖంలో ఉన్నప్పుడు చెవులు కొన్ని చెబుతాయి," అన్నారు. మూడు జతల చెవులండీ అన్నాను. ప్రార్థన చేద్దాం అన్నారు. చేశాం. ఆయన్ని తప్పుపట్టను. నాకు ఇంకెవరైనా ఇది చెప్పి ఉంటే నేనూ అదే అనేవాణ్ణి.

రత్నమ్మ గారు వెళ్ళేముందు ఆదివారం ఆరాధనకి లిడియా కూడా వచ్చింది. మూడో వరసలో ఆవిడ పక్కన కూర్చుంది. నేను వెనక సౌండు బల్ల దగ్గర ఉన్నాను. పాట నంబరు చెప్పారు, ఒక్కసారే. కీబోర్డు వాయించబోతున్నారు. లిడియా ఆవిడ వైపు వంగడం కనిపించింది. వాళ్ళ అమ్మ పుస్తకంలో పేజీ తీసి ఆవిడ ఒళ్ళో పెట్టి, ఏదో అడిగింది. అంత దూరం నుంచి నాకేమీ వినపడలేదు. ఆవిడ తలూపి జవాబు చెప్పారు. ముందున్న సిస్టర్ అది చూసి ఆగింది. అందరూ ఆగారు. తర్వాత పాట మొదలైంది.

ఆ సాయంత్రం వీడియో డౌన్‌లోడ్ చేసి ఆడియో విడదీశాను. ఆ పాట ముందు సన్నటి గీత వచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. ఒక కుర్చీ, పేజీలు, ఎవరిదో దగ్గు. లిడియా గొంతు మైకుకి అందలేదు. వేరే గొంతు కూడా ఏదీ లేదు. మొత్తం ఇరవై ఆరు సెకన్లు.

కాపీ తీసిన రెండు చోట్లా ఆ అరవై ఒక్క ఫైళ్ళు ఇంకా ఉన్నాయి. అప్పుడప్పుడూ యాభై మూడు తెరిచి చూస్తాను. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. కారణాలు రాసుకున్న కాగితం కూడా ఉంది. రెండు కారణాల కింద మూడోది రాయడానికి చోటు వదిలాను. అది అలాగే ఉంది.

ఆదివారం రికార్డింగుల్లో పాటకు ముందున్న ముక్కని ఇప్పుడు కోయడం లేదు.